గుండిగ చల్లారకముందే

రాత్రి పది దాటాక హోటల్ వంటగదిలో అసలు లెక్క తేలుతుంది. 300 మందికని వండితే వచ్చింది 260 మందే. వాన పడిందో, క్రికెట్ మ్యాచ్ ఉందో, ఎదురు సందులో కొత్త హోటల్ తెరిచారో, మొత్తానికి 40 మంది భోజనం గుండిగల్లో ఉండిపోయింది. ఇక దానికి మామూలుగా మూడే దారులు. పనివాళ్లు కొంత ఇంటికి పట్టుకెళ్తారు. కొంత ఫ్రిజ్‌లోకి పోయి మర్నాడు ఇంకో పేరుతో బల్ల మీదికి వస్తుంది. తక్కింది మున్సిపాలిటీ బండి ఎక్కుతుంది. ఆకలితో ఉన్నవాళ్లకు పంపే నాలుగో దారి ఉందని యజమానికి తెలియక కాదు. దాన్ని రోజూ నడిపే పద్ధతి చేతిలో లేక, ఆ రాత్రికి ‘కానీ’ అనేసి షట్టర్ దించుతాడు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేశాయి. అందులో 60 శాతం ఇళ్లది. 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లు, కేటరింగ్ వాళ్లది. దుకాణాల వాటా 12 శాతం. తొక్కలు, ఎముకలు కూడా కలిపిన లెక్క ఇది, కాబట్టి అదంతా ఒకరి కడుపు నింపేదే అనుకోకూడదు. అయినా అదే ఏడాది 78 కోట్ల మందికి పైగా ఆకలితో ఉన్నారన్న అంకెను దీని పక్కనే పెట్టి చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఇళ్లలో మిగిలేది గుప్పెడు గుప్పెడుగా లక్షల చోట్ల మిగులుతుంది. దాన్ని పోగుచెయ్యడం ఎవరివల్లా కాదు. హోటల్లో అలా కాదు. ఒకేచోట, ఇంచుమించు ఒకే వేళకు, పదుల కిలోల లెక్కన మిగులుతుంది. అందుకే ఈ అధ్యాయం వ్యాపారుల కోసం. వాళ్లకు దయ లేదని చెప్పడానికి కాదు. దయ చాలామందికి ఉంది, లేనిదల్లా ఏర్పాటు.

సైకిల్ మీద మొదలైన పని

లిస్బన్‌లో స్థిరపడిన హంటర్ హాల్డర్ అనే అమెరికన్ 2011లో సైకిలెక్కి తన పేటలోని రెస్టారెంట్ల చుట్టూ తిరిగారు. మిగిలిన భోజనం తీసుకుని, అదే పేటలో అవసరం ఉన్నవాళ్లకు అందించారు. రీఫుడ్ అనే ఆ పనిని, ఉద్యోగం మీద పోర్చుగల్ వెళ్లిన నీల్ ఘోష్ చూశారు. తిరిగొచ్చి మిత్రుడు ఆనంద్ సిన్హాతో కలిసి 2014 ఆగస్టులో ఢిల్లీలో రాబిన్‌హుడ్ ఆర్మీ మొదలుపెట్టారు. తొలిరాత్రి వాళ్లు భోజనం పెట్టింది 150 మందికి. తర్వాత అది హైదరాబాద్‌తో సహా ఎన్నో ఊళ్లకు పాకింది, సరిహద్దు దాటి కరాచీకీ వెళ్లింది.

ఆ సంస్థ చందాలు తీసుకోదు. రెస్టారెంటు వాళ్లు భోజనం ఇస్తారు, వాలంటీర్లు తమ బండ్ల మీద, తమ పెట్రోలుతో మోస్తారు. ఇందులో ఆదర్శం ఎంత ఉందో వ్యవహారజ్ఞానమూ అంతే ఉంది. ‘రసీదు పుస్తకంతో వచ్చేవాళ్లను చూసి చూసి విసిగిపోయాం’ అనే హోటల్ యజమాని, డబ్బు మాటే ఎత్తని మనిషిని త్వరగా నమ్ముతాడు. వాళ్లు కనిపెట్టిన అసలు సంగతి ఇంకొకటి. అన్నం ఉంది, తినేవాళ్లున్నారు, రెంటికీ మధ్య ఉన్న నాలుగు కిలోమీటర్లు దాటించే మనిషే లేడు.

కొచ్చిలో ఆ నాలుగు కిలోమీటర్లను ఇంకోలా తగ్గించారు. పప్పడవడ రెస్టారెంటు నడిపే మిను పౌలీన్ 2016లో హోటల్ బయటే ఒక ఫ్రిజ్ పెట్టారు. హోటల్లో మిగిలినవి పొట్లాలు కట్టి అందులో ఉంచేవారు. దారిన పోయేవాళ్లూ పెట్టవచ్చు, కావలసినవాళ్లు ఎవర్నీ అడక్కుండా తీసుకోవచ్చు. రాత్రీపగలూ తాళం లేదు. ఆ మరుసటి ఏడాది చెన్నై బీసెంట్ నగర్‌లో ఐసా ఫాతిమా జాస్మిన్ ఇలాంటిదే మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోనూ వీధి ఫ్రిజ్‌లు వెలిశాయి.

ఫ్రిజ్ ఆలోచన మంచిదే. కాకపోతే ప్రారంభోత్సవానికి వచ్చినంతమంది, తర్వాత దాన్ని తుడవడానికి రారు. కరెంటు బిల్లు కట్టేదెవరు, పొట్లం మీద తేదీ రాయించేదెవరు, పాచినదాన్ని తీసి పారేసేదెవరు? ఈ మూడింటికీ ఒకే మనిషి పేరు చెప్పగలిగిన చోటే ఫ్రిజ్ పెట్టాలి. చెప్పలేకపోతే ఆ డబ్బుతో నాలుగు హాట్ బాక్సులు కొనడం నయం.

ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది, తొందరపడకుండా చూడాలి.

వంటగది గడప దాటని గుండిగలోది మొదటి రకం మిగులు. వేడి ఉన్నంతసేపు దాన్ని నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. బఫే బల్ల మీదికి వెళ్లొచ్చినది రెండో రకం. మూత తీసి గంటల తరబడి గాలికి ఉంటుంది. వందమంది గరిటె పట్టుకుంటారు, దాని మీదుగా మాట్లాడుకుంటారు, దగ్గుతారు. కింద మంట పెట్టి పొగలు వచ్చే వేడిలో ఉంచి, సర్వరే వడ్డించినదైతే ఆలోచించవచ్చు. లేకపోతే వద్దు. కంచంలోకో విస్తట్లోకో వెళ్లినది మూడో రకం. దాని మీద చర్చే అక్కర్లేదు. ముట్టుకోని లడ్డూ అయినా సరే, ఎరువు గుంతకే.

మూడో రకంతో తెలుగునాట పెద్దగా పేచీ రాదు, మనకు ఎంగిలి పట్టింపు ఎలాగూ ఉంది. చిక్కంతా రెండోదానితోనే. ఫంక్షన్ హాల్లో పెళ్లి అయిపోయాక ఇంటిపెద్ద కేటరర్ దగ్గరికొచ్చి, “ఇంత పనీరు కూర పారబోస్తారా బాబూ, ఎవరికైనా ఇచ్చెయ్యండి” అంటాడు. ఆ మాటలో మంచితనం ఉంది కానీ, ఆ కూర పదకొండు గంటల నుంచి నాలుగింటి దాకా మూత లేకుండా ఉందని ఆయనకు పట్టదు. కేటరర్ అక్కడ మొహమాటపడకూడదు. తన ఇంటికి పట్టుకెళ్లడానికి వెనకాడేదాన్ని ఆశ్రమానికి పంపించే హక్కు ఎవరికీ లేదు.

ఇక వేళ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే నియమం చాలా సులువైనది. వండిన పదార్థం 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన వేడిగా అయినా ఉండాలి, 5 డిగ్రీల కింద చల్లగా అయినా ఉండాలి. మామూలు గదిలో 2 గంటలకు మించి ఉంచకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే ఆ గడువు గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మే నెలలో విజయవాడ ఎండ 40 దాటే రోజుల్లో ఏ గడువు పాటించాలో అక్కడి వంట మాస్టర్‌కు వేరే చెప్పనక్కర్లేదు.

‘మళ్లీ ఓసారి వేడిచేస్తే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. అన్నం విషయంలో సరిపోదు. బాసిలస్ సీరియస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా చల్లారుతున్న అన్నంలో అవి మొలకెత్తి, పెరిగి, విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ మరిగించినా విరగదు. బిర్యానీకి, పులావుకి, పెరుగన్నానికి వండిన అన్నానికి కూడా ఇదే వర్తిస్తుంది. పెద్ద గుండిగ ఇంకో మోసం చేస్తుంది. పైన చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, నడుమ మాత్రం గంటలకొద్దీ గోరువెచ్చగా ఉండిపోతుంది. బాక్టీరియాకు కావలసింది ఆ నడుమ భాగమే.

అందుకని యజమాని ముందు రెంటిలో ఒకటి తేల్చుకోవాలి: వేడిగా పంపడమా, చల్లబరిచి పంపడమా. వేడిగా అయితే స్టవ్ మీద నుంచి నేరుగా హాట్ బాక్సులోకి, హాట్ బాక్సు నుంచి నేరుగా తినేవాళ్ల దగ్గరికి. చల్లబరచాలంటే గుండిగను అలాగే ఫ్రిజ్‌లో దూర్చకూడదు, లోతు తక్కువ ట్రేలలో పలచగా పరచాలి. అమెరికా ఆహార నియమావళి 57 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు 2 గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో 4 గంటల్లో దిగాలంటుంది. పెద్ద హోటళ్లకు ఇది కుదురుతుంది. నాలుగు బల్లల మెస్‌కు వేడిగా పంపే పద్ధతే మేలు. వేడి ఉందో లేదో వేలితో చూడొద్దు. వంటల్లో గుచ్చి చూసే థర్మామీటరు ఒకటి కొనుక్కోవాలి, దాని ఖరీదు ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీని మించదు.

పదార్థాన్ని బట్టి కూడా నిర్ణయం మారుతుంది. కొబ్బరి చట్నీ, పెరుగు పచ్చడి, పాల పాయసం, క్రీము కేకు, వేడి తగ్గిన మాంసం, చేపల కూరలు మిగిలితే మిగిలాయి, ఇవ్వొద్దు. పచ్చిగుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరులో ఏడాదిపాటు నిషేధించింది. దాని మాట ఇక ఎత్తనే వద్దు. పప్పు, సాంబారు, ఇడ్లీ, కూరగాయల బిర్యానీ వేడి మీదే వెళ్లాలి. చపాతీ, బ్రెడ్డు, మైసూర్ పాక్, బూంది లడ్డూ లాంటివి కొంత ఆగుతాయి. చింతపండు పులుపు వల్ల పులిహోర కూడా తెల్లన్నం కన్నా కాస్త ఓర్చుకుంటుంది. తెలుగువాళ్లు ప్రయాణాలకు దాన్నే కట్టుకెళ్లడం ఊరికే కాదు.

‘ఏమైనా అయితే?’

ఇవ్వాలని ఉన్న యజమానిని కూడా ఆపేసే ప్రశ్న ఇదే. తిన్నవాడికి వాంతులైతే? పేపర్లో హోటల్ పేరు వస్తే?

ఈ భయం మన దేశానిదే కాదు. అమెరికాలో 1996లో బిల్ ఎమర్సన్ చట్టం తెచ్చింది దీన్ని పోగొట్టడానికే. మంచి ఉద్దేశంతో ఆహారం ఇచ్చినవాళ్ల మీద, తీవ్రమైన నిర్లక్ష్యమో కావాలని చేసిన తప్పో ఉంటే తప్ప, దావా నిలవదు. సిడ్నీలో విందులు, వేడుకలు నిర్వహించే రోనీ కాన్, అక్కడ మిగిలే భోజనం చూడలేక 2004లో ఓజ్‌హార్వెస్ట్ స్థాపించారు. ఆమె కూడా ముందు చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఇలాంటి రక్షణ కోసం చట్టం మార్పించడం. ఫ్రాన్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2016 చట్టం ప్రకారం 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు తినదగిన సరుకును కావాలని పాడుచెయ్యకూడదు, దాన్ని తీసుకునే సేవాసంస్థలతో ఒప్పందం పెట్టుకోవాలి. అంతకుముందు చెత్తడబ్బాల్లోని ఆహారం మీద బ్లీచింగ్ ద్రావణం పోసిన దుకాణాలు కూడా అక్కడ ఉండేవి.

మన దేశంలో అమెరికాలో ఉన్నంత స్పష్టమైన రక్షణ దాతకు లేదు. అలాగని చట్టం నోరు మూసుకునీ లేదు. మిగులు ఆహారం సేకరణ, పంపిణీ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు విడుదల చేసింది, 2020 జులై నుంచి అవి అమల్లో ఉన్నాయి. పంచే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదై ఉండాలి. ఎక్కడి నుంచి, ఏం, ఎంత తెచ్చారో, ఎక్కడ పంచారో రాసి పెట్టాలి. ఇచ్చేవాళ్లు ఆ ఆహారాన్ని అమ్మకపు సరుకుతో కలపకుండా, శుభ్రంగా, శాకాహారమో మాంసాహారమో తెలిసేలా అప్పగించాలి.

ఇదంతా చదివి బెదరాల్సిన పనిలేదు. యజమానికి రక్షణగా నిలిచేది నిజానికి ఒక రెండు రూకల నోట్‌బుక్కే. పదార్థం, వండిన వేళ, అప్పగించినప్పటి వేడి, తీసుకున్నవాళ్ల సంతకం. ఈ నాలుగు గడులూ రోజూ నింపిన హోటల్, రేపు ఏ అధికారి వచ్చి అడిగినా తడబడదు. అసలు అవి నింపే అలవాటు ఉన్న వంటగదిలో పాచినది బయటికి వెళ్లే అవకాశమూ తక్కువ.

పన్నుల సంగతి కూడా ఒకమాట. భోజనం రూపంలో ఇచ్చిన దానికి ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు రాదు, అది డబ్బు రూపంలో ఇచ్చినదానికే. జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 17(5)(హెచ్) అయితే ఉచితంగా ఇచ్చిన సరుకునూ, పాడైపోయి పారేసిన సరుకునూ ఒకే గాటన కట్టి, రెంటికీ ఇన్‌పుట్ క్రెడిట్ లేదంటుంది. పేదవాడి నోటికి వెళ్లిన బిస్కట్టుకూ చెత్తకుప్పకు వెళ్లిన బిస్కట్టుకూ లెక్కల్లో తేడా లేదన్నమాట. ఇది మార్చాల్సిన నిబంధన, మార్చేదాకా మాత్రం యజమాని పన్ను లాభం ఆశించి ఈ పనిలోకి దిగకూడదు.

ఎవరికి, ఎన్నింటికి

రాత్రి పదకొండింటికి బిర్యానీ పట్టుకెళ్లి అనాథాశ్రమం పిల్లల్ని నిద్రలేపేవాళ్లున్నారు. ఆ పిల్లలు ఏడున్నరకే తినేసి పడుకుంటారు. వృద్ధాశ్రమానికి స్వీట్ల డబ్బాలు పంపేవాళ్లున్నారు, అక్కడ సగంమందికి షుగరు. ఆదివారం, పండుగ, నాయకుడి పుట్టినరోజు వస్తే ఒకే ఆశ్రమానికి నాలుగు చోట్ల నుంచి భోజనం వస్తుంది. మంగళవారం ఎవరూ తలుపు తట్టరు.

రాత్రి మిగిలే భోజనానికి సరిపోయే ఆకలి వేరే చోట ఉంటుంది. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రుల ఆవరణలో రోగుల తాలూకు మనుషులు చాప పరుచుకుని పడుకుంటారు. వాళ్లు బిచ్చగాళ్లు కారు. ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బు మందులకు, స్కానింగులకు పోగా ఒకపూట మానేసినవాళ్లు. ఆంధ్రలో అన్న క్యాంటీన్లు పూటకు 5 రూపాయలకే భోజనం పెడుతున్నా, అవి మూసేసిన తర్వాత వార్డులోంచి కిందికి దిగొచ్చేవాళ్లు ఉంటారు. రైల్వే స్టేషన్ దగ్గరి నైట్ షెల్టర్లు, అడ్డా కూలీల బస్తీలు కూడా ఇలాంటివే.

ఇచ్చే తీరు మరీ ముఖ్యం. ఇటలీ చెఫ్ మాస్సిమో బొట్టూరా 2015 మిలాన్ ఎక్స్‌పో సమయంలో అక్కడ మిగిలే సరుకులతో ఒక భోజనశాల నడిపారు. పేరున్న చెఫ్‌లు వచ్చి వండారు. నిలువ నీడ లేనివాళ్లను వరసలో నిలబెట్టకుండా బల్లల దగ్గర కూర్చోబెట్టి వడ్డించారు. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్ సమయంలో అక్కడా అదే చేశారు. తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ పేరు నేటికీ చెప్పుకునేది ఆమె ఎంత పెట్టిందని మాత్రమే కాదు, వచ్చినవాడు ఏ వేళకొచ్చినా అతిథిగా చూసిందని. పొట్లం చేతిలో పెడుతూ సెల్‌ఫోన్ ఎత్తి ఫొటో తీసే పద్ధతిని ఆ పక్కన పెట్టి చూస్తే సిగ్గేస్తుంది. ఫొటో కావాలంటే హాట్ బాక్సుకు తీసుకోవచ్చు.

వండినదానికే ఇన్ని నియమాలు. పచ్చి సరుకుకు ఇంత తంటా లేదు. అరిజోనాలోని ఫీనిక్స్‌లో 1967లో జాన్ వాన్ హెంగెల్ ప్రారంభించిన తొలి ఫుడ్ బ్యాంక్ దుకాణాలు పక్కన పడేసే సరుకు మీదే నిలబడింది. సాయంత్రం రైతుబజారులో మిగిలిన టమాటాలు, వంకాయలు, సొంత వంటగది ఉన్న హాస్టల్‌కు చేరితే మర్నాటి కూర అవుతాయి. సూపర్‌మార్కెట్‌లో గడువు దగ్గర పడుతున్న పిండి, పప్పు, నూనె ప్యాకెట్లూ అంతే. ఆన్‌లైన్ అమ్మకాల్లో సరుకు ఇంటికి చేరేనాటికి గడువులో 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024లో చెప్పింది. ఆ గీత దాటిన సరుకు గోదాముల్లో పేరుకుంటుంది, తినడానికి మాత్రం ఇంకా రోజులున్నాయి. ‘యూజ్ బై’ తేదీ దాటిపోయినది మాత్రం ఒక్కరోజైనా సరే, ఎవరికీ ఇవ్వకూడదు.

ముందు పదిహేను రోజులు

ఈ పనిలోకి దిగే యజమాని మొదటి రోజే ఎవరికీ ఫోన్ చెయ్యకూడదు. పదిహేను రోజులు ఊరికే రాయాలి: ఏ వారం, ఏ పదార్థం, ఎన్ని కిలోలు, ఎందుకు. రాయడం మొదలుపెట్టిన హోటల్లో ముందు జరిగేది దానం కాదు, వంట తగ్గడం. గురువారం సాంబారు ఎప్పుడూ మిగులుతోందని కాగితం మీద కనబడ్డాక మాస్టర్ ఒక బకెట్టు తగ్గిస్తాడు. మిగులు తగ్గితే ఇవ్వడానికీ తగ్గుతుంది. అందులో బాధపడాల్సిందేమీ లేదు, మంచి దాతకు ఏటేటా ఇచ్చేది తగ్గుతూ రావాలి.

పనివాళ్ల మాట మరవకూడదు. ‘మిగిలినది తీసుకెళ్లనిస్తే కావాలనే ఎక్కువ వండుతారు’ అని చాలా హోటళ్లలో వాళ్లను ముట్టుకోనివ్వరు. అంట్లు తోమే మనిషి ఇంట్లో పిల్లలు పస్తుండగా వ్యాన్ ఎక్కించి భోజనం ఎక్కడికో పంపడం ఏ రకంగా చూసినా అన్యాయం. కావలసినవాళ్లకు వంతుల వారీగా ముందు ఇచ్చి, ఆ లెక్క కూడా పుస్తకంలో రాస్తే అనుమానాలకు తావుండదు.

ఆ తర్వాత ఒక్కచోటుతోనే మొదలుపెట్టాలి. వారానికి రెండు రోజులైనా చాలు, అదే రోజు, అదే వేళ. మిగలని రోజున ‘ఇవాళ లేదు’ అని ఎనిమిదింటికే కబురు చెయ్యాలి. అవతల పొయ్యి ఆర్పేసి ఎదురుచూసేవాళ్లుంటారు.

హోటలో, బేకరీయో, ఫంక్షన్ హాలో నడుపుతూ ఇది చదివినవారు, పదిహేను రోజుల లెక్క చేతికొచ్చాక మధ్యాహ్నం మూడింటికి, గల్లాపెట్టె దగ్గర రద్దీ లేని వేళ, మీ ఊరి నైట్ షెల్టర్‌కో ఆసుపత్రి దగ్గర పనిచేసే సేవాసంస్థకో ఫోన్ చెయ్యండి. ‘మేమిస్తాం’ అని మొదలుపెట్టకండి. ఎంతమంది, ఎన్నింటికి తింటారు, ఏం తినరు అని ముందు అడిగి, వాళ్లు చెప్పింది వంటగది గోడమీద మాస్టర్‌కు కనబడేలా రాయించండి.